ఇరవై అయిదుకి ఇరవై రెండు: ఒక కెమిస్ట్రీ మాస్టారి కేసు

గుంటూరులోని ఒక క్రైస్తవ డిగ్రీ కళాశాలలో రెండు సెమిస్టర్ల పాటు నడిచిన మెంటరింగ్ కేసు ఇది (మెంటరింగ్ అంటే అధ్యాపకుడి పని దగ్గరుండి చూసి, సరిదిద్దుకోవడానికి తోడు నిలవడం). కళాశాల పేరు, అధ్యాపకుడి పేరు, సంవత్సరం తీసేశాం. ఎవరో గుర్తుపట్టే వీలున్న చిన్నాచితకా వివరాలు మార్చాం. ఆయన్ని ఇక్కడ మాస్టారు అనే అందాం.

నేపథ్యం

ఈ ప్రాంతంలో క్రైస్తవ విద్యకు వేళ్లు లోతుగా ఉన్నాయి. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైంది 1885లో. కృష్ణ అవతల విజయవాడలో జెస్యూట్లు (ఒక క్యాథలిక్ గురువుల సభ) ఆంధ్ర లయోలా కళాశాల పెట్టింది 1953లో. (ఈ కేసు ఆ రెంటిలో దేనిదీ కాదు.) ఆ వాతావరణంలో పెరిగి ఇలాంటి కళాశాలలో చేరినవాళ్లు చాలామంది ‘ఉద్యోగం వచ్చింది’ అనరు, ‘పిలుపు అందింది’ అంటారు. అది ఊరికే అనే మాట కాదు. సర్కారు స్కేలు దరిదాపుల్లో కూడా లేని అన్‌ఎయిడెడ్ (ప్రభుత్వం జీతమివ్వని) పోస్టులో మాస్టారు ఎనిమిదేళ్లు నిలబడింది ఆ మాట మీదే. ఆ మాటను అడ్డం పెట్టుకుని జీతాలు పెంచని యాజమాన్యాలూ ఉన్నాయి, అది వేరే కేసు.

మాస్టారు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. సబ్జెక్టు మీద పట్టుంది, గొంతుంది, బోర్డు పని ముచ్చటగా ఉంటుంది. మొదటి సంవత్సరం సెక్షన్‌లో 58 మంది. ఎక్కువమంది సత్తెనపల్లి, నరసరావుపేట వైపు పల్లెల నుంచి బస్సుల్లోనో పాసింజరు బండిలోనో వచ్చి వెళ్లేవాళ్లు. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇక్కడ ఇంగ్లీషు మీడియం. డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి తామే అయిన ఇళ్లు సగానికి పైనే.

పిల్లలకు ఆయనంటే ప్రాణం. ఫీజు కట్టలేని వాడికి సొంత జేబు తీస్తారు. ఎవరి తల్లి జీజీహెచ్‌లో (ప్రభుత్వ ఆసుపత్రిలో) ఉన్నా సాయంత్రం వెళ్లి పలకరించి, ప్రార్థన చేసి వస్తారు. ఇంత మంచి మనిషి క్లాసులో పిల్లలు తప్పుతున్నారంటే ప్రిన్సిపాల్‌కు మొదట నమ్మబుద్ధి కాలేదు.

సమస్య

అప్పుడు అక్కడ నడుస్తున్న పద్ధతిలో అంతర్గత మార్కులు 25, సెమిస్టర్ పరీక్ష 75. పరీక్షలో 30 వస్తే పాస్. మాస్టారి పేపర్‌లో అంతర్గత సగటు 22. అదే 58 మందిలో సెమిస్టర్ పరీక్షలో 30 దాటనివాళ్లు 33 మంది. పక్క సబ్జెక్టుల్లో అదే పిల్లలకు అంతర్గత సగటు 16 దగ్గర ఉంది, తప్పినవాళ్లు ఇంతమంది లేరు. కాబట్టి ‘పిల్లలు బలహీనం’, ‘మీడియం సమస్య’ అనే రెండు మామూలు జవాబులు ఇక్కడ చాలవు. రెండూ నిజమే, కానీ అవి పక్క సబ్జెక్టులకూ వర్తిస్తాయి. తేడా ఈ గదిలోనే ఎక్కడో ఉంది.

మెంటర్ మొదట చేసింది క్లాసు చూడటం కాదు, ప్రాక్టికల్ రికార్డులు తెప్పించుకోవడం. క్లాసులో మెంటర్ కూర్చుంటే అధ్యాపకుడు ఆ రోజు పాఠం ఇంకాస్త బాగా చెబుతాడు. రికార్డులు మాత్రం ఎవరి కోసమూ మారవు. ఒక బ్యాచ్‌లో 29 రికార్డులు. ప్రయోగం, ఆక్సాలిక్ ఆమ్లంతో పొటాషియం పర్మాంగనేట్ బలం కట్టడం. ఇరవై తొమ్మిదింటిలోనూ బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి వదిలే గీతల గాజు గొట్టం) రీడింగు 20.0 మిల్లీలీటర్లు. మూడు సార్లు టైట్రేషన్ (రంగు తిరిగేదాకా ఒక ద్రావణాన్ని ఇంకోదానిలో బొట్టు బొట్టుగా వదిలి బలం కొలవడం), మూడు సార్లూ 20.0. ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో ‘వెరీ గుడ్’, సంతకం, పదికి పది.

బ్యూరెట్ పట్టుకున్న ఎవరికైనా తెలుసు, 29 చేతుల్లో అలా రాదు. 19.8 వస్తుంది, 20.2 వస్తుంది. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి ద్రవమట్టం పై అంచు దగ్గర చదవాలి. అలవాటు కొద్దీ కింది అంచు వెతికేవాళ్లుంటారు. ఆమ్లాన్ని 60, 70 డిగ్రీలకు వేడిచేయకుండా మొదలుపెట్టి, రంగు పోవడం లేదని ఆపేసేవాళ్లుంటారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువ పోస్తే ఫ్లాస్కు గోధుమరంగుకు తిరుగుతుంది. ఇన్ని రకాలుగా తప్పాల్సిన ప్రయోగంలో ఒక్క తప్పూ లేదంటే పిల్లలు చేసింది కెమిస్ట్రీ కాదు, ఎత్తిరాత.

మెంటర్ ఒక కుర్రాణ్ని పిలిచి 250 మిల్లీలీటర్లలో 0.05 మోలార్ (గాఢత కొలత) ఆక్సాలిక్ ఆమ్లం చేయాలంటే ఎంత తూచాలో అడిగారు. కాగితం మీద గబగబా లెక్క వేసి 1.125 గ్రాములు అన్నాడు. అణుభారం 90 తీసుకున్నాడు. సీసా మీద 126 అని రాసి ఉంది.

“తొంభయ్యే కదా సార్, ఆ ముప్పై ఆరు ఎక్కడిది?”

“నీళ్లదిరా. స్ఫటికంలో రెండు నీటి అణువులుంటాయి.”

వాడు తూచాల్సింది 1.575 గ్రాములు. 1.125 తూచి టైట్రేషన్ చేస్తే 0.02 మోలార్ పర్మాంగనేట్ 20 దగ్గర కాదు, 14.3 దగ్గరే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ 14.3 రాసుకుని లెక్క కడితే పర్మాంగనేట్ బలం 0.028 వస్తుంది. అంటే తప్పు ఎక్కడుందో బ్యూరెట్టే వాడికి చెప్పేది. కానీ వాడు 14.3ని కొట్టేసి పక్కవాడి 20.0 దించుకున్నాడు, మాస్టారు దానికి వెరీ గుడ్ పెట్టారు. మూడు నెలల తరువాత సెమిస్టర్ పేపర్‌లో అదే లెక్క అంకెలు మార్చి అడిగితే వాడు మళ్లీ 90 వేశాడు.

మార్కుల గురించి అడిగితే మాస్టారు దాచలేదు. “వాళ్ల ఇళ్లు చూశానండీ. అంతర్గత మార్కులు నా చేతిలో ఉన్నాయి. అవి కూడా కోస్తే నేను ఇక్కడ ఉండి ఏం లాభం?” అన్నారు. కేసుకు అసలు తాళంచెవి ఈ మాటే. నిర్లక్ష్యంతో మార్కులు పోసే అధ్యాపకుడితో మాట్లాడే తీరు వేరు. ఈయన దాన్ని కనికరం అనుకుంటున్నారు, తన పిలుపులో భాగం అనుకుంటున్నారు. ‘రిజల్టు పడిపోయింది’ అనే మాట అక్కడ దూరదు.

ముందు చేసినవి, అవి ఎందుకు చెడ్డాయి

రెమిడియల్ క్లాసులు. నాలుగింటి తరువాత గంట సేపు, వారానికి మూడు రోజులు. రెండో వారానికే వచ్చేవాళ్లు పదకొండు మంది. వాళ్లంతా హాస్టల్ పిల్లలు, అందులో ఎనిమిది మంది పాసైనవాళ్లే. తప్పిన పిల్లలకు బస్సులున్నాయి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. పైగా ఆ గంటలో జరిగింది ఉదయం చెప్పిన పాఠమే, కాస్త నిదానంగా. వినడంలో లోపం ఉన్నవాడికి అది మందు. ఈ పిల్లలకు లోపం చేయడంలో ఉంది.

క్వశ్చన్ బ్యాంకు. నలభై ప్రశ్నలు, జవాబులతో సహా జిరాక్స్ తీసి పంచారు. థియరీ కొంచెం మెరుగైంది. లెక్కల దగ్గర 250 అన్నచోట 500 వేస్తే కథ మొదటికొచ్చింది. కంఠస్థం చేసిన లెక్క అంకె మారగానే విరుగుతుంది.

మూడోది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది, దాని బాధ్యత కొంత మెంటరింగ్ వైపే ఉంది. రికార్డుల సంగతి బయటపడ్డాక ప్రిన్సిపాల్ ‘రెండో మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే అంతర్గత పరీక్ష) స్ట్రిక్టుగా దిద్దండి’ అన్నారు, మెంటర్ అడ్డం చెప్పలేదు. మాస్టారు మనసు రాయి చేసుకుని దిద్దారు. సగటు 22 నుంచి 11కి పడింది. పిల్లలకు అది పాఠంలా కాదు, ద్రోహంలా కనిపించింది. ‘సార్‌కి మా మీద కోపమొచ్చింది’ అనుకున్నారు. వారం రోజులు హాజరు పడిపోయింది. ఇద్దరు తండ్రులు పొలం పని మానుకుని వచ్చి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డారు. మాస్టారు కుంగిపోయి రెండు రోజులు సెలవు పెట్టారు.

ఆ దిద్దుబాటులో అన్యాయం లేదు, 11 అనేది నిజమైన అంకే. దాని తరువాత ఏం చేయాలో పిల్లవాడికి దారి చూపించకపోవడమే లోపం. 11 తెచ్చుకున్నవాడు రేపు ఉదయం ఏం చేయాలి? ఆ ప్రశ్నకు మా ఎవరి దగ్గరా జవాబు లేదు. కొలత పెట్టే ముందు బాగుచేసుకునే దారి తయారుగా ఉండాలి. ఆ వరస తప్పడం మెంటర్ తప్పు.

పిలుపు గురించి మాట్లాడటం

ఈ సంభాషణ మూడు విడతలుగా నడిచింది, తేలిగ్గా నడవలేదు. ఫలితాల భాష వదిలేసి మాస్టారి భాషలోనే మాట్లాడాలని నిర్ణయించుకున్నాం. ఆయన్ని గెలవడానికి కాదు, ఆయన తర్కంలో ఎక్కడో ముడి ఉంది, దాన్ని ఆయన విశ్వాసం లోపలి నుంచే విప్పాలని.

జర్మన్‌లో బెరూఫ్ అనే ఒకే మాట పిలుపుకూ చెల్లుతుంది, వృత్తికీ చెల్లుతుంది. లూథరన్ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1520లోనే రాశాడు, చెప్పులు కుట్టేవాడూ కమ్మరీ రైతూ ఎవరి పనిలో వారు మిగతావారికి సేవ చేస్తున్నారని, యాజకుడి పని వాటికంటే ఎత్తున లేదని. అలాంటప్పుడు కమ్మరి సేవ కొడవలి పదునులో ఉంటుంది కానీ, మొద్దు కొడవలిని ఊరికే ఇవ్వడంలో ఉండదు. మాస్టారు ఆసుపత్రికి వెళ్లి చేసే ప్రార్థన మంచిదే. ఆ పని సంఘంలో పాస్టరు చేయగలడు, మరో విశ్వాసి చేయగలడు. ఆ పిల్లవాడి 90ని 126 చేయగలిగింది మాత్రం ఆ ఊళ్లో ఈయనొక్కడే. దీనికి ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత యాకోబు పత్రిక మూడో అధ్యాయం ఆయనే ఎత్తారు, బోధకులకు తీర్పు మరింత కఠినంగా ఉంటుందన్న మొదటి వచనం. ‘అది మార్కులు వేసే చేతికి కూడా అనుకోలేదండీ’ అన్నారు.

ఒక హెచ్చరిక. ఇదే సంభాషణ విశ్వాసం లేని అధ్యాపకుడితోనో, వేరే మతం అధ్యాపకుడితోనో ఇలా చేస్తే అది మెంటరింగ్ కాదు, చొరబాటు. క్రైస్తవ కళాశాలల్లోనూ స్టాఫ్ అంతా క్రైస్తవులు కారు. పిలుపు అనే మాట ముందుగా ఆయన నోట వచ్చింది కాబట్టే మేం అందుకున్నాం.

ఆ తరువాత వారం డైరీ రాయించాం. అరగంటకో గడి. వచ్చిన లెక్క ఇది: క్లాసులు, ప్రాక్టికల్స్ కలిపి 18 పీరియడ్లు, అంటే 15 గంటలు. తయారీ 5. ఉదయం ప్రార్థన రెండున్నర. ఎన్‌ఎస్‌ఎస్ (విద్యార్థుల సేవా పథకం), క్వయర్ (పాటల బృందం) 5. న్యాక్ (కళాశాలలకు గ్రేడ్లిచ్చే సంస్థ) ఫైల్ 6. పిల్లల ఇళ్లు, ఆసుపత్రి, సమస్యలు వినడం 9. దిద్దడం ఒకటిన్నర. మొత్తం 44 గంటల్లో పిల్లవాడి చేతిరాత మీద పడ్డ చూపు ఒకటిన్నర గంట. చెప్పి ఒప్పించాల్సిన అవసరం లేకుండా ఆ కాగితమే చెప్పింది.

మార్చినవి

కనికరం ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకున్నాం: మార్కులో ఉండకూడదు, గడువులో ఉండాలి. పిల్లవాడు ఎన్నిసార్లు తప్పినా మళ్లీ రాయొచ్చు, చివరిసారి వచ్చిన మార్కే లెక్క. కానీ రాని మార్కు రాదు. మాస్టారి మనసుకు పట్టింది ఇదే, తక్కిన పనులన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

చీటీ. యాభై నిమిషాల పీరియడ్‌లో చివరి ఎనిమిది నిమిషాలు. నోటుపుస్తకంలో చించిన సగం కాగితం, ఒకే ప్రశ్న, ఆ రోజు చెప్పిన దాని మీదే, ఎప్పుడూ అంకెలు మార్చి. మార్కుల్లేవు. మాస్టారు వాటిని దిద్దరు, మూడు దొంతులు చేస్తారు: వచ్చింది, సగం వచ్చింది, దారి తప్పింది. చీటీకి ఇరవై సెకన్లు, 58కి ఇరవై నిమిషాలు. మర్నాడు పీరియడ్ మూడో దొంతిలో ఎక్కువమంది చేసిన తప్పుతో మొదలవుతుంది, పేరు చెప్పకుండా, ఆ తప్పును బోర్డు మీద ఉన్నదున్నట్టు రాసి. ఇందులో కొత్తేమీ లేదు. జెస్యూట్లు 1599లో రాసుకున్న విద్యాప్రణాళికలోనే రోజూ పాఠం తిరిగి చెప్పించుకోవడం, శనివారం వారమంతటిదీ మళ్లీ చేయించడం ఉన్నాయి.

మొదటి వారం చీటీలు పాడయ్యాయి. ప్రశ్నలు మరీ పెద్దవి, ఎనిమిది నిమిషాల్లో సగంమంది పేరు, రోల్ నంబరు రాసి ఊరుకున్నారు. ప్రశ్న మూడు వరసలు దాటకూడదని, జవాబు అయిదు వరసలు దాటకూడదని పెట్టుకున్నాక నిలదొక్కుకుంది.

తప్పుకు గుర్తు. మిడ్ పేపర్ల మీద ‘రాంగ్’, ‘ప్రాక్టీస్ చెయ్యి’ రాయడం మానేశారు. మార్జిన్‌లో నాలుగే గుర్తులు: భావన తప్పితే భా, లెక్క తప్పితే లె, యూనిట్ తప్పితే యూ, ఇంగ్లీషు వాక్యం కుదరకపోతే ఇం. సరైన జవాబు రాయరు, అది పిల్లవాడే వెతుక్కోవాలి. ఏడు రోజుల్లో ఆ ప్రశ్న ఒక్కటే తిరగరాసి ఇవ్వాలి. ఈ గుర్తుల వల్ల అనుకోని సంగతి ఒకటి తేలింది. మీడియం సమస్య అని అందరం అనుకున్న పేపర్లలో ‘ఇం’ కంటే ‘యూ’ ఎక్కువ. మిల్లీలీటర్లను లీటర్లు చేయకుండా మోలారిటీ కట్టేవాళ్లకు ఇంగ్లీషు ఎంత నేర్పినా ఉపయోగం లేదు. నిజంగా ‘ఇం’ పడ్డవాళ్లకు మాత్రం ముందు తెలుగులో నోటితో చెప్పించి, తరువాత అదే ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలుగా రాయించారు.

బ్యాలెన్స్ దగ్గర కాపలా. తూచాల్సిన బరువు ముందురోజే లెక్కకట్టి తెచ్చి చూపించి సంతకం చేయించుకోవాలి. సంతకం లేనిదే బ్యాలెన్స్ ముట్టకూడదు. బ్యూరెట్ రీడింగు పెన్నుతోనే రాయాలి, కొట్టేసినా అది చదవడానికి వీలుగా ఉండాలి. రికార్డు మార్కుల్లో సగం అంకెకు కాదు, అంకె ఎందుకు అలా వచ్చిందో రాసిన రెండు వాక్యాలకు. ఈ చివరిది పెట్టకపోతే మిగతావన్నీ దండగ. 20.0కి మార్కులు ఉన్నంతకాలం పిల్లలు 20.0నే రాస్తారు.

వీటన్నిటికీ వారానికి ఆరు గంటల దిద్దుబాటు పడింది. ఉన్న ఒకటిన్నర పోను నాలుగున్నర ఎక్కడి నుంచి తేవాలి? మెంటర్ ఎన్‌ఎస్‌ఎస్ వదిలేయమన్నారు. మాస్టారు ససేమిరా అన్నారు, ఆయనే సరి. అందులో ఉన్న పిల్లలే చీటీలు పోగుచేసి దొంతులు చేయడంలో చెయ్యి వేశారు. న్యాక్ ఫైల్ ఆరు నుంచి మూడున్నరకు దిగింది. దానికి ప్రిన్సిపాల్ ఇంకొకరిని జతచేయాల్సి వచ్చింది, అందుకు మూడు వారాలు పట్టింది. ఇళ్లకు వెళ్లడం తొమ్మిది నుంచి ఏడుకు తగ్గింది. ఆ రెండు గంటలు వదులుకోవడమే ఆయనకు అన్నిటికంటే కష్టమైంది. అధ్యాపకుడి పిలుపుకు చోటివ్వడమంటే యాజమాన్యం ఆయన గంటలకు చోటివ్వడమే. ఫైల్ తగ్గించకుండా ప్రసంగం ఒక్కటే ఇచ్చి ఉంటే ఈ కేసు అక్కడే ఆగిపోయేది.

ఫలితం, మిగిలిపోయినవి

తరువాతి సెమిస్టర్‌లో అంతర్గత సగటు 17. రాసినవాళ్లు 56, అందులో 30 దాటనివాళ్లు 18. ఇద్దరు మధ్యలో మానేశారు, ఒకరు పెళ్లి, ఒకరు హైదరాబాద్‌లో పని. ఈ అంకెలను చీటీల ఖాతాలోనే వేయకూడదు. రెండో సెమిస్టర్ పేపర్ వేరు, పిల్లలు కాలేజీకి అలవాటుపడ్డారు. మార్పును నమ్మదగ్గ చోట చూడాలంటే రికార్డులే చూడాలి. 19.7, 20.3, 20.1. ఒక రికార్డులో 14.3 కొట్టేసి ఉంది, కింద కుర్రాడి చేతిరాతతో, ‘నీళ్లు మరిచిపోయాను, మళ్లీ తూచాను.’

సమస్య తగ్గని చోటు జనవరి నుంచి మార్చి. అవి మిరప కోతల రోజులు. కూలికి వెళ్లే ఇళ్ల నుంచి, సొంత చేలున్న ఇళ్ల నుంచి పిల్లలు వారాల తరబడి రారు. హాజరు 75 శాతం అంచుమీద వేలాడుతుంది, తప్పిన 18 మందిలో 12 మంది వీళ్లే. చీటీ రాయడానికి మనిషి గదిలో ఉండాలి కదా. శనివారం ఉదయం తప్పిన ప్రాక్టికల్స్ చేసుకునే వీలు పెడితే సగంమంది అందుకున్నారు. మిగతావాళ్లకు డిసెంబరులోనే, కోతల నెలల్లో పడే రెండు యూనిట్ల ప్రాక్టికల్స్ ముందుకు జరపాలని మాస్టారు టైమ్‌టేబుల్ గీసి ఇచ్చారు. ల్యాబ్ ఖాళీ దొరుకుతుందో లేదో డిపార్టుమెంట్ ఇంకా తేల్చలేదు.